మంగళవారం ఆగిపోతాయంట

“మంగళవారం పొద్దున లోకంలో కంప్యూటర్లన్నీ ఆగిపోతాయంట. నిజమేనేంరా?” బొజ్జన్న మూడోసారి అడిగాడు.

ఉగ్గాని తింటున్న కొడుకు వీరేంద్ర నవ్వాడు. “ఎవురు చెప్పినారు నాయనా?”

“టీవీలో చెప్తాండారు. వాటి లోపలి గడియారం లెక్క ఆ పొద్దుటికి అయిపోతాదంట. రామాంజి మగ్గం కాడ గూడా అదే మాట.”

“శానామంది ఇంజనీర్లు కూర్చోని బాగుచేస్తాండారులే. ఏం కాదు.”

“బ్యాంకులే ఆగుతాయంటాండారు బావా,” అంది అరుణజ్యోతి, అతని పళ్లెంలోని మిరపకాయ బజ్జీ లాక్కుంటూ. వాళ్లకు పెళ్లయి నలభై రోజులు. “మన డిజైన్లన్నీ దాంట్లోనే గదా. పోతే?”

“పోతే దినమంతా నీ పక్కన కూర్చోని బజ్జీలు తింటా.”

ఆమె పకపకా నవ్వింది. బొజ్జన్న నవ్వలేదు.

మాధవరంలో సగం మగ్గాలకు చీర అంచుల డిజైన్లు ఆ ఇంటి నుంచే వెళ్తాయి. ఒకప్పుడు బొజ్జన్న గళ్ల కాగితం మీద హంసలు గీసి, వాటి ప్రకారం మగ్గానికి తగిలించే అట్టలకు ఒక్కో చిల్లూ కొట్టి ఇచ్చేవాడు. ఐదేళ్ల కింద వీరేంద్ర కంప్యూటరు కొన్నాక అట్టలతో పని లేకపోయింది. ఇప్పుడు అది ఆగితే ఇల్లు గడవదు.

శనివారం బొజ్జన్న ఒంటిమిట్ట వెళ్లి రాములవారికి మొక్కుకుని వచ్చాడు. ఆదివారం కళ్లద్దాలు మార్పించుకున్నాడు. ఆ సాయంత్రమే అటక మీది అట్టల కట్టలు దించి, ఒక్కొక్కటే దుమ్ము తుడిచాడు.

“మామకు మన గురించే దిగులు,” అంది అరుణజ్యోతి. “ధైర్యం చెప్పు బావా.”

సోమవారం వీరేంద్ర తండ్రిని కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. డిజైన్లను మూడు చోట్ల దాచిపెట్టినట్టు చూపించాడు. “ఇది ఆగితే అది ఉండాది. అదీ ఆగితే ఇంకోటి.”

“అంటే ఏమయినా నీ పని ఆగదు.”

“ఆగదు నాయనా. నిశ్చింతగా ఉండు.”

అంత గట్టిగా చెప్పకుండా ఉండాల్సిందని వీరేంద్ర తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

మంగళవారం బొజ్జన్న తెల్లారకముందే లేచి, గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు. ఎనిమిదయింది. పదకొండయింది. లోపల కంప్యూటరు మామూలుగానే నడిచింది. వీధి పొడుగునా మగ్గాల చప్పుడు ఆగలేదు.

“చూసినావా నాయనా, ఉత్తపుణ్యానికి భయపడితివి,” అని వీరేంద్ర గడపలోంచి నవ్వాడు.

గండం గడిచిందని అరుణజ్యోతి కేసరి చేసింది. వేడి గిన్నె తెచ్చి మామ చేతిలో పెట్టి పక్కనే కూర్చుంది. “తిను మామా. భయం పోయె గదా?”

బొజ్జన్న గిన్నెను పక్కన పెట్టాడు.

“నాకు భయమెక్కడిది తల్లీ,” అన్నాడు మెల్లగా, వీధిలోకి చూస్తూ.

“అవి ఆగిపోతే నన్ను పిలుస్తారనుకుంటి.”