గిట్టలకు గ్యారంటీ లేదు

“కారు కంటే ముందు ఆవే పోవల్ల,” అని నాగరత్నమ్మ కారు షెడ్డుకు అడ్డంగా నిలబడింది. ఆమె ఒక చేతిలో హారతి పళ్ళెం, ఇంకో చేతిలో పక్కవీధి ఆనందమ్మ ఆవు పలుపు.

కొడుకు ఢిల్లీబాబు గడియారం చూసుకున్నాడు. షోరూము నుంచి వచ్చిన కొత్త కారు చామంతి దండ వేసుకుని వీధిలో ఎదురుచూస్తోంది. శ్రావణ శుక్రవారం, పదకొండు దాటితే వర్జ్యం. పైగా నాయుడుపేట నుంచి తోడల్లుడు సుందరరాజు బయలుదేరాడని ఇప్పుడే ఫోను వచ్చింది. ఆయన అడుగుపెట్టేసరికి షెడ్డులో కొత్తగా రంగు వేయించిన నేల మీద ఆ కారు ధగధగలాడుతూ కనబడాలి. ఢిల్లీబాబు కొన్నాళ్ళుగా బతుకుతున్నదే ఆ ఒక్క క్షణం కోసం.

చుట్టాల్లో కారు షెడ్డు నేలకు ఎపాక్సీ కోటింగు, అంటే నున్నటి రంగు పూత, వేయించుకున్న మొనగాడు అంతవరకూ సుందరరాజు ఒక్కడే. అరిటాకు పచ్చ రంగు నేలను ఫొటో తీసి బంధువులందరి ఫోన్లకూ పంపాడు. చూడటానికి వస్తామంటే మాత్రం “ఇంకో కోటింగు ఆరతా ఉండాది” అంటాడు. ఆ ఫొటో చూసిన నాటి నుంచి ఢిల్లీబాబుకు అన్నం సయించలేదు. షేడ్ కార్డు ముందేసుకుని, తోడల్లుడి పచ్చకంటే ఒక చాయ ఎక్కువున్న పచ్చను ఏరి పట్టుకున్నాడు. లేత గడ్డి రంగు. దాని మీద పసుపు, తెలుపు రంగు పలుకులు పూరేకుల్లా చల్లించి, ఆపైన అద్దంలాంటి పూత వేయించాడు.

“షెడ్డుకు ఆవెందుకమ్మా? ఇదేమన్నా గృహప్రవేశమా?” అన్నాడు ఏడుపు గొంతుతో.

“కొత్త కప్పు, కొత్త గోడలు, కొత్త నేల. ఇల్లు కాకుంటే ఇంకేంది రా? గోమాత తొక్కని తావున కారు పెడితే అచ్చిరాదు.”

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టుంది. ఢిల్లీబాబు ఆశగా జోయల్ వైపు తిరిగాడు. వడమాలపేట నుంచి వచ్చి ఆ నేలకు రంగు వేసినవాడు అతనే. గోడ వారన అంటించిన టేపు ఊడబీకుతున్నాడు.

“ఏమప్పా, ఆవు నడిస్తే తట్టుకుంటాదా?”

“టైర్లకు గ్యారంటీ ఉండాదన్నా,” అన్నాడు జోయల్. “గిట్టలకు లేదు.”

ఢిల్లీబాబు ఇంట్లోకి పరిగెత్తి, ఆఫీసుకు వేసుకునే సాక్సు రెండు జతలు తెచ్చాడు. నాలుగు కాళ్ళకు నాలుగు. ఆవు మర్యాదగా ఒక్కో కాలూ ఎత్తి తొడిగించుకుంది.

“మన బిడ్డ స్కూలుకు పొయ్యేటప్పుడు ఇంత బుద్ధిగా ఏసుకోదు,” అంది అతని భార్య రూపశ్రీ.

ఆవు కుడికాలు ముందుపెట్టి లోపలికి నడిచింది. నాలుగు అడుగులు వేసి ఆగింది. నేలను వాసన చూసింది. నాలుకతో ఒకసారి నాకింది. కళ్ళు అరమోడ్చి, షెడ్డు నడిమధ్యన చల్లగా పడుకుంది.

“పచ్చిక అనుకునింది,” అంది రూపశ్రీ. “బూడిద రంగు ఏయిద్దామని మొత్తుకుంటి. ఇంటేనా?”

“షెడ్డుకు ఎవురన్నా బూడిద పూస్తారా మే?” అని కసిరింది అత్త.

బెల్లం చూపించారు, లేవలేదు. అరటిపండ్లు చూపించారు, పడుకునే తినింది. ఆనందమ్మ వచ్చి “లచ్చిమీ, రా తల్లీ” అని బతిమాలితే యజమానురాలిని ఎప్పుడూ చూడనట్టు మొహం తిప్పుకుంది. జోయల్ ఎక్కడినుంచో నిజమైన గడ్డి మోపు తెచ్చి వాకిట్లో వేశాడు. ఆవు దాన్నీ, తన కిందున్న నేలనూ మార్చి మార్చి చూసి, నేల వైపే మొగ్గింది. షోరూము డ్రైవరు హారన్ కొట్టాడు. ఆవు కారు వైపు తిరిగి, అంతకంటే గట్టిగా అంబా అంది.

తర్వాత తోక ఎత్తింది.

“వద్దు, వద్దు, వద్దు!” అని ఢిల్లీబాబు రెండు చేతులూ చాచి పరిగెత్తాడు. కానీ అందుకోలేకపోయాడు.

“శుభం!” అని నాగరత్నమ్మ హారతి వెలిగించింది. “లక్ష్మి కొలువైనాది. ఇంగ లేపగూడదు. దానంతట అదే లేయల్ల.” ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఆవుకు బొట్టుపెట్టి, ఢిల్లీబాబు ఎంత అదృష్టవంతుడో చెప్పుకుని మురిసిపోయారు. ఆ అదృష్టవంతుడు మాత్రం గోడకు తల ఆనించి నిజంగానే ఏడ్చాడు. పదకొండు దాటింది.

గోరుచుట్టుపై రోకటిపోటులా అప్పుడే వీధిలో ఆటో ఆగింది. సుందరరాజు దిగాడు.

“షట్టర్ దించండి, దించండి!” అని అరిచాడు ఢిల్లీబాబు. అప్పటికే తోడల్లుడు చెప్పులు విడిచి షెడ్డు ముందు నిలబడ్డాడు. పచ్చటి నేలను చూశాడు. ఆవును చూశాడు. సాక్సులను ఒక్కొక్కటిగా చూశాడు. చుట్టాలందరూ చెప్పుకుని చెప్పుకుని నవ్వబోయే నవ్వు ఇక్కడే మొదలవుతుందని ఢిల్లీబాబు తల వంచుకున్నాడు.

సుందరరాజు నవ్వలేదు. దగ్గరికొచ్చి, భుజం మీద చెయ్యేసి, ఎవరికీ వినబడకుండా చెవిలో అన్నాడు:

“దేనికి లేస్తాదో తెలిస్తే నాగ్గూడా సెప్పు తమ్ముడూ. మాది శివరాత్రికి పడుకునింది, మొన్న ఆడనే ఈనింది.”