అతికించిన కాగితం కింద

"ఈ వాక్యం తీసెయ్యండి ప్రెంటిస్ గారూ," అన్నాడు డీకన్ లెమ్యూల్ కిల్బోర్న్, పెన్సిలుతో దాని మీద గీత కొట్టి.

"ఇది మూడోసారి డీకన్ గారూ," అంది హల్దా.

"మూడుసార్లు మీరు రాశారు కాబట్టి."

కనెటికట్‌లోని ఆ ఊళ్ళో ఉన్నిమిల్లు ఆయనదే, చర్చి పెద్ద కాబట్టి అక్కడ ముందు బల్లా ఆయనదే. అరవై నాలుగో ఏట ఆయనకి ఎనిమిది తరాల కిల్బోర్న్‌ల చరిత్ర అచ్చు వేయించాలన్న కోరిక పుట్టింది. రాసిపెట్టే మనిషి కావాలని పత్రికలో ప్రకటన వేస్తే ఒహాయో నుంచి హల్దా ప్రెంటిస్ అనే పంతులమ్మ దిగింది. నలభై దాటిన మనిషి, భర్త పోయాడు. నాలుగు నెలలు సమాధి రాళ్ళమీద నాచు గీకి, చర్చి దస్తరాలు తిరగేసి పుస్తకం పూర్తి చేసింది.

ప్రెంటిస్ అన్నది భర్త ఇంటిపేరు. పుట్టింటివారెవరని డీకన్ అడగలేదు, ఆమె చెప్పలేదు. అడిగి ఉంటే కిల్బోర్న్ అని చెప్పవలసి వచ్చేది. డీకన్ గారి అన్న ఆమస్ కూతురు ఆమె. తండ్రి పేరు ఆ పుస్తకంలోకి ఎక్కించాలనే ఇంత చాకిరీ చేసింది. రేపు పొద్దున్నే రాతప్రతి రైలెక్కి అచ్చాఫీసుకి పోతుంది. ఈ సాయంత్రంలోగా ఆ పేరు ఎక్కితే ఎక్కినట్టు, లేకపోతే ఇక లేనట్టే.

డీకన్ భార్య లోయిస్ ఆపిల్ పై ముక్కలు తెచ్చి బల్లమీద పెట్టింది. "మామగారు పోయి ఇరవై ఏళ్ళయింది. ఇంకా ఎవరికి భయపడి ఈ కొట్టివేతలు?" అంది.

"నువ్వు ఊరుకో లోయిస్."

"ఊరుకునే కదా ఇన్నాళ్ళూ కాపురం చేశాను," అంటూ ఆవిడా అక్కడే కూర్చుంది.

డీకన్ కుటుంబ బైబిల్ తెరిచాడు. పుట్టినవాళ్ళ పేర్లు రాసుకునే పేజీలో ఒక వరస మీద పసుపెక్కిన కాగితం ముక్క అతికించి ఉంది. "చర్చి వెలివేసినవాడు ఇంటికీ వెలే. మా నాన్న పద్ధతి అది. ఇందులో లేని పేరు మీ పుస్తకంలోకి రాదు."

"చర్చి దస్తరంలో ఉందిగా. ఒక శనివారం పొద్దుగూకాక ఆమస్ తూము ఎత్తి మిల్లు చక్రం నడిపాడని."

ఆ రోజుల్లో ఆ ఊరివాళ్ళకి శనివారం సూర్యుడు దిగగానే ఆదివారం వచ్చేసినట్టు. ఆ తర్వాత సూదిలో దారం ఎక్కించినా పాపమే, మిల్లు నడపడం సంగతి చెప్పనే అక్కర్లేదు.

"నాకొకటి అర్థం కాదు," అంది హల్దా. "ఎవరు నడిపారని పాస్టరు అడిగితే లేచి నిలబడి 'నేనే' అన్నాడు. తప్పయింది, క్షమించండి అని ఇంకొక్క మాట అంటే వదిలేసేవాళ్ళు. అది మాత్రం ఎందుకనలేదు?"

"మొండితనం."

"చేశానని ఒప్పుకోవడానికి లేని మొండితనం క్షమించమనడానికి ఎక్కడ్నుంచి వచ్చింది?"

డీకన్ కిటికీలోంచి మిల్లు వైపు చూశాడు. "నాకప్పుడు పద్దెనిమిది. పై ఆదివారమే నన్ను చర్చి సంఘంలో చేర్చుకోవాలి. ఆ వారం మా ఇల్లు ఎలా ఉందో మీకేం తెలుసు?"

"ఆ తర్వాత ఆయన ఎలా బతికాడో మీకు తెలుసా?"

డీకన్ పెన్సిలు బల్లమీద పెట్టాడు.

"పాత చర్చి మంచివాడని ఉత్తరమిస్తేనే కొత్త చర్చి చేర్చుకుంటుంది. వెలివేసినవాడికి ఉత్తరం ఎవరిస్తారు? ఒహాయోలో ప్రతి ఆదివారం పెళ్ళాన్ని లోపలికి పంపి, తను బయట బండిమీదే కూర్చుని కీర్తనలు వినేవాడు. ముప్పై ఏళ్ళు. మంచు పడ్డా అంతే."

"ఇదంతా మీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? నేనూ ఆయన పక్కనే కూర్చునేదాన్ని."

లోయిస్ చేతిలో చెంచా అలాగే ఆగిపోయింది. డీకన్ హల్దా మొహంలోకి తేరిపార చూశాడు.

"ఆమస్ కూతురివా?"

"అవును బాబాయ్."

"నా గురించి ఏమనేవాడు?"

"తమ్ముడు బంగారం అనేవాడు. అంతకంటే ఏమీ చెప్పేవాడు కాదు."

హల్దాకి ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. "ఆయన తప్పు దాచమనడం లేదు. తప్పుతో సహా వెయ్యండి. ఆయన ఈ ఇంట్లో పుట్టాడని ఒక్కచోట ఉంటే చాలు నాకు," అంది.

డీకన్ గోరుతో ఆ కాగితం అంచు లేపి, మెల్లగా ఊడదీశాడు. కింద సిరా ఇంకా నల్లగానే ఉంది. ఆమస్, మొదటి సంతానం.

"రాయి," అన్నాడు.

హల్దా కొత్త కాగితం తీసుకుంది. ఆమస్ పుట్టుక, పెళ్ళి, చావు వరసగా రాసింది. చివరికి డీకన్ మూడుసార్లు కొట్టేసిన వాక్యం కూడా రాసి, పైకి చదివింది. "పద్దెనిమిది వందల ముప్పై ఎనిమిది, మార్చి పదిహేడు, శనివారం సూర్యాస్తమయం తర్వాత తూము ఎత్తి మిల్లు నడిపినవాడు ఆమస్ కిల్బోర్న్."

"అందులో ఒక తప్పుంది," అన్నాడు డీకన్.

"తేదీయా? దస్తరం చూసే రాశానే."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఆమస్ అన్నచోట నా పేరు రాయమ్మా."