మూడో వరస గోల

తెనాలి ఫ్లాటులో ఒంటరిగా ఉండే పూర్ణయ్య, ఎప్పటిలా ఇంట్లోని మాట్లాడే గోడనే అడిగి, అరవై ఏళ్ల నాటి నాటకంలో ఈమని చలమయ్య పాడిన హరిశ్చంద్ర పద్యం పెట్టించుకున్నాడు. రాగం ఆకాశానికెక్కి దిగింది. తరవాత చడీచప్పుడు లేదు.

"జనం అరుపులేవమ్మాయ్?"

"పాత రికార్డులన్నిట్లో గోల తీసేసి విడిగా దాచాం, తాతగారూ," అంది గోడ.

"ఆ గోలలో నేనున్నానే! మేం నలుగురు స్నేహితులం మూడో వరసలో నుంచుని వన్స్‌మోర్ అని అరిచాం. ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలా. పద్యం వద్దు, ఆ గోల పెట్టు."

గోడ పెట్టింది. ఈలలు, చప్పట్లు, వాటి మధ్య ఆ నలుగురిలో ఒకడైన సాంబడి బొంగురు గొంతు: "వన్స్‌మోర్!"

పాడటానికి చలమయ్య లేడు. పూర్ణయ్యే లేచి, గొంతు సవరించుకుని, వాళ్ల కోసం పద్యం మళ్లీ ఎత్తుకున్నాడు.