ఏడు మిల్లీమీటర్ల గుంట

"నునుపు చెయ్యమన్నానా లేదా?"

డాక్టర్ బోష్కో బల్ల మీద గుద్దాడు. కాఫీ సాసర్లో ఆయన ఉంగరం గల్లుమంది. ఆపరేషన్‌కి వెళ్లేముందు కుడిచేతి ఉంగరం లాగి నెవెంకా సాసర్లో పడెయ్యడం ఆయనకి అలవాటు. ఆమె బల్ల ఆయనగారి అలమారా అన్నట్టు.

"చెయ్యను," అంది నెవెంకా. "ఇన్నాళ్లూ మీ ఆవిడ పంపే జామ్ బిస్కట్ల మొహం చూసి మిమ్మల్ని భరించాను. ఈ వారం బిస్కట్లూ లేవు, మర్యాదా లేదు."

"మా దారింకా పుట్టింటికెళ్లింది. మాట మార్చకు. అది చెరిపెయ్."

ఇరవై రెండేళ్లుగా నెవెంకా పని ఇదే. స్కానింగ్ యంత్రం తలను రొట్టె ముక్కల్లా పలచగా కోసి చూపిస్తుంది. ఆ ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, తెర మీద నిండు ఎముకను నిలబెడుతుంది ఆమె. ఆపరేషన్ చేసేవాళ్ల కోసం త్రీడీ ప్రింటర్‌లో అచ్చు కూడా తీస్తుంది. పేర్లూ ఊళ్లూ ఆమె దాకా రావు. కేసుకో అంకె, అంతే. ఈ రోజు పొరుగూరి ఆస్పత్రి పంపిన కేసు 4417. ఆడమనిషి, నలభై లోపు. ఎడమ చెంప ఎముక మూడు ముక్కలైంది. పెద్ద ముక్క మీద చిన్న గుంట ఉంది.

"అది గుంట కాదు. స్కాన్ తీస్తుంటే కదిలి ఉంటుంది."

"కదిలితే పళ్లు కూడా చెదిరి కనబడాలి కదండీ? చూడండి, ముత్యాల్లా ఉన్నాయి. గుంట నలుచదరం. అటు ఏడు మిల్లీమీటర్లు, ఇటు ఏడు."

"ఇంట్లో మెట్ల మీంచి పడింది. అంతే!"

"ఏడు మిల్లీమీటర్ల మెట్లు ఎవరింట్లో ఉంటాయండీ? ఎవడో వెధవ కొట్టాడు. నేను రిపోర్టులో రాస్తాను. ఆ తర్వాత పోలీసులు చూసుకుంటారు."

బోష్కో మొహం కందగడ్డలా అయింది. "బొమ్మలు పేర్చుకునేదానివి, నీకెందుకీ పెత్తనం? జూన్‌లో నీ కాంట్రాక్టు మీద సంతకం పెట్టేది ఎవరో గుర్తుందా?"

"గుర్తుంది. పెట్టకండి."

నర్సు తలుపు తీసి పిలిచింది. దవడ కేసు సిద్ధంగా ఉందట. "మూడు గంటల్లో వస్తా. అప్పటికి అది ఉండకూడదు," అని తలుపు దఢాలున వేసి పోయాడు.

నెవెంకాకి ఒళ్లు మండిపోయింది. ఉద్యోగం పోతే పోనీ అనుకుంది. కొట్టినవాడు ఎవడైనా సరే, వాడి చెయ్యి దాచిపెట్టే పని మాత్రం తను చెయ్యదు. గుంటను ఉన్నదున్నట్టే ఉంచి, ప్రింటర్ మీట నొక్కింది.

రెండున్నర గంటలకి ఎముక అచ్చు బయటికొచ్చింది, ఇంకా వెచ్చగా. వేలితో తడిమింది. గుంట స్పష్టంగా ఉంది. ఒక మూల మాత్రం కొంచెం అరిగినట్టు మొండిగా తగిలింది.

అచ్చు పెట్టడానికి బల్ల మీద చోటు లేదు. విసుక్కుంటూ సాసర్ జరపబోయి ఆగింది. ఉంగరం వెల్లకిలా పడి ఉంది. దాని ముఖం చదరంగా ఉంది. ఒక మూల అరిగిపోయింది.

దాన్ని తీసి గుంటలో పెట్టింది. అరిగిన మూలతో సహా ఉంగరం అందులో చక్కగా ఇమిడింది.

దారింకా పుట్టింటికి వెళ్లలేదు.