టిక్కు పెట్టని గడి

“ఇరవై రోజులైందండీ, నాకు ఒక్క మెయిలూ రాలేదు. ఆనేకల్ స్కూలువాళ్ళు కూడా రాయలేదు,” అంది కిరణ్మయి పెనం మీద దోసె తిప్పుతూ. “నాకు టీచరుద్యోగం రాసిపెట్టి లేదేమో.”

భర్త వంశీ సగం దోసె వదిలేసి లేచాడు. ఎలా తింటాడు? ఆమె మెయిళ్ళన్నీ బెంగళూరు బెళ్ళందూరులో, తన ఆఫీసు కంప్యూటర్లోనే ఉన్నాయి మరి!

మనిషి చెడ్డవాడేమీ కాదు. ఆ మధ్య నెట్ సెంటర్లో, కౌశల్ అని చిన్నప్పటి క్లాస్‌మేట్ రాసింది చదివి కిరణ్మయి పకపకా నవ్వింది. ఆ నవ్వు ఇతగాడికి రాత్రంతా చెవుల్లో మోగింది. మర్నాడే ఆఫీసులో మెయిల్ ప్రోగ్రాం తెరిచి, భార్య అకౌంటు కూడా అందులో పెట్టుకున్నాడు. పాస్‌వర్డ్ దొంగిలించే పనే పడలేదు. “నేను మరిచిపోతే మీరు చెప్పాలి” అని పెళ్ళయిన కొత్తలో ఆమే చెప్పి ఉంచింది. తీరా చదివితే ఏముంది, కౌశల్ కొడుక్కి పళ్ళొస్తున్న కబుర్లు!

ఒకరి అకౌంటు ఇంకో కంప్యూటర్లో పెడితే అసలు మనిషికి మెయిళ్ళెందుకు కనబడవని, ఆఫీసుకు వెళ్ళగానే, ఎవరి గొడవో అన్నట్టు పక్క సీటు మహబూబ్ బాషాను అడిగాడు.

“కాపీ సర్వర్లో ఉంచాలని ఒక గడి ఉండాది కదప్పా, దాంట్లో టిక్కు పెట్టినారా?”

“లేదు.”

“ఇంకేముండాది! వచ్చిన మెయిలు వచ్చినట్టే ఆ కంప్యూటర్ లాగేసుకుంటాది. పాపం, ఆయప్ప ఆడ ఖాళీ డబ్బా చూసుకుంటా కూచుంటాడు.”

ఆయప్ప కాదు, ఆయమ్మ అనబోయి వంశీ నాలుక కరుచుకున్నాడు.

అంతలో కిరణ్మయి పేరున కొత్త మెయిల్ దిగింది. ఆనేకల్ స్కూలు నుంచి. రేపు పదింటికి ఇంటర్వ్యూ!

చెబితే తన గుట్టు బయటపడుతుంది. చెప్పకపోతే ఆమె ఉద్యోగం పోతుంది. మధ్యాహ్నం డబ్బా విప్పితే ఆమె కట్టిన చిత్రాన్నం. ఒక్క ముద్దయినా తినలేకపోయాడు.

సాయంత్రం చెప్పులైనా విడవకుండా అన్నాడు. “కిరణ్, రేపు పదింటికి ఆనేకల్లో నీకు ఇంటర్వ్యూ.”

“మీకెట్లా తెలుసు?”

తల వంచుకుని అంతా చెప్పేశాడు, టిక్కు సంగతితో సహా. “తిట్టు, కొట్టు, నీ ఇష్టం. పొద్దున్నే నేనే స్కూటర్ మీద దింపుతా. సర్టిఫికెట్లు తీసి పెట్టుకో.”

కిరణ్మయి తిట్టలేదు. కొత్తిమీర ఏరడం ఆపలేదు.

“సర్టిఫికెట్లు ఎందుకు? వాళ్ళు మొన్ననే ఫోన్లో అన్నీ అడిగేసి సోమవారం చేరమన్నారు.”

“మరి ఈ మెయిల్?”

“కౌశల్ కొడుక్కి పళ్ళొస్తున్నాయని, నాకే తెలియని కబురు మొన్న మీ నోట జారింది. అందుకే స్కూలు పేరు పెట్టి నేనే రాసినా, మీరు నోరు తెరుస్తారో లేదో చూద్దామని.”