నల్ల పొట్టేలులో క్రిస్మస్ పూట

డిక్ తన గ్లాసులో మిగిలిన బీరును వాల్ట్ ముఖాన కొట్టేసరికి కీర్తన సగంలో ఆగిపోయింది.

వాల్ట్ తొందరపడలేదు. గడ్డం తుడుచుకుని, కోటు విప్పి కుర్చీ మీద వేసి, డిక్ ముక్కు మీద ఒక్క గుద్దు గుద్దాడు. ఎముక విరిగిన చప్పుడు కౌంటరు వెనక ఉన్న మారియన్‌కు కూడా వినిపించింది.

ఆ చప్పుడు ఆమెకు కొత్త కాదు. లీడ్స్‌లో ఆమె నడిపిన పబ్బులో వారం వారం తలలు పగిలేవి. తన దగ్గర పనిచేసేవాడి మెడలో ఎవడో పగిలిన సీసా దించాక ఆమె ఆ పబ్బును వదిలించుకుంది. కొండల మధ్య ఉన్న ఈ థార్న్‌గిల్ పల్లెకు వచ్చి, ఆకులు రాలే రోజుల్లో ‘నల్ల పొట్టేలు’ అనే ఈ పబ్బును తీసుకుంది. క్రిస్మస్ నాడు ఇళ్లలో పెద్దబాతులు వేగుతుండగా ఊరంతా ఈ పబ్బులో చేరుతుందనీ, తాతలనాటి కీర్తనలు పాడి, కేకూ జున్నూ తిని భోజనాల వేళకు ఇళ్లకు పోతుందనీ, ఆ ఆనవాయితీ తప్పకూడదనీ ఆమెకు ముందే చెప్పారు. కొట్లాట సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

గొడవ వాల్ట్ పొట్టేలు గురించి. అది గోడ దాటి తన మందలో పడిందని డిక్ అన్నాడు. రాతిగోడలు కట్టడం డిక్ పని, ఆ గోడా అతను కట్టిందే. “నీ గోడ కూలడానికి పొట్టేలెందుకురా, పక్కన మేక తుమ్మినా చాలు” అని వాల్ట్ అందరూ వినేలా అన్నాడు. దాంతో మొదలైంది.

డిక్ తల వంచి వాల్ట్ పొట్టలోకి దూసుకెళ్లాడు. ఇద్దరూ కలిసి బల్ల మీద పడ్డారు. బల్ల వాళ్లను మోయలేక కూలింది. వాల్ట్ కింద పడ్డ ముక్కాలిపీటను అందుకుని డిక్ వీపున విరిగేదాకా కొట్టాడు. డిక్ లేచి, అతని జుట్టు పట్టి, తలను రాతి గోడకేసి బాదాడు. వాల్ట్ నోట్లోంచి ఒక పన్ను ఊడి చలిమంట బూడిదలో పడింది. కిటికీలో పెట్టిన పచ్చటి కొమ్మల మీద నెత్తురు చింది, ఎర్ర పళ్లేవో చుక్కలేవో తెలియకుండా పోయింది.

ఎవరూ ఆపలేదు. పైగా కమ్మరి సెత్ తీరిగ్గా మిగిలిన బల్లలను గోడవారకు జరిపాడు. చర్చిలో ఆర్గన్ వాయించే హిల్డా గ్లాసులన్నీ ఏరి కౌంటరు మీద పెట్టింది. మారియన్ పోలీసులకు ఫోను చేయబోతే హిల్డా ఆమె చెయ్యి పట్టుకుంది.

“కాసేపు ఓర్చుకో తల్లీ.”

“చచ్చేలా ఉన్నారు వాళ్లు.”

“చావరులే” అంది హిల్డా. ఆమె చూపు కొట్టుకునేవాళ్ల మీద లేదు. చలిమంట పక్క కుర్చీలో ఉన్న ముసలాయన మీద ఉంది.

ఆయన పేరు ఆంబ్రోస్. ఒకప్పుడు ఈ పబ్బు ఆయనదే. ఇప్పుడు పట్నంలో వృద్ధుల ఆశ్రమంలో ఉంటున్నాడు. పొద్దున సెత్ వెళ్లి బండిలో తీసుకొచ్చి, ఒళ్లో దుప్పటి కప్పి కూర్చోబెట్టాడు. మారియన్ టీ ఇచ్చినప్పుడు, రైలు ఎన్నింటికని అడిగాడాయన. థార్న్‌గిల్‌కు రైలే లేదు. పేరు పెట్టి పిలిస్తే పలకలేదు. కీర్తన పాడుతున్నంతసేపూ తన చేతులు ఎవరివో అన్నట్టు చూసుకుంటూ కూర్చున్నాడు.

డిక్ ఇప్పుడు వాల్ట్ ఛాతీ మీద మోకాలు వేసి, పిడికిలితో ముఖం మీద గుద్దుతున్నాడు. ఒకటి, ఇంకొకటి. వాల్ట్ కన్ను మూసుకుపోయింది.

దుప్పటి జారి నేల మీద పడింది.

ఆంబ్రోస్ లేచాడు. ఊతకర్ర వెతుక్కోలేదు. నాలుగు అంగల్లో వెళ్లి, ఒక చేత్తో ఒకడి కాలరు, రెండో చేత్తో రెండోవాడి కాలరు పట్టుకుని పైకి లాగాడు.

“డిక్. వాల్ట్. నా కప్పు కింద, క్రీస్తు పుట్టిన పూట, నెత్తురు పారిస్తార్రా వెధవల్లారా?”

ఎద్దుల్లాంటి ఇద్దరు మగవాళ్లు పిడికిళ్లు దించేశారు. ఆయన వాళ్లను ఈడ్చుకెళ్లి, కాలితో తలుపు తన్ని, మంచు వానలోకి నెట్టి గడియ వేశాడు. వెనక్కి తిరిగి, పాట ఆపమని ఎవరు చెప్పారని అందర్నీ గదిమాడు. మారియన్‌ను పక్కకు జరగమని కౌంటరు వెనక్కి వచ్చి, సెత్‌కు నురగ పొంగకుండా గ్లాసు నింపి ఇచ్చాడు. హిల్డాను, ముప్పై ఏళ్లుగా ఆ చరణం దగ్గరే శ్రుతి తప్పుతున్నావని తిట్టాడు. హిల్డా ఏడుస్తూనే పాట అందుకుంది. ఆయన మంద్రంగా గొంతు కలిపాడు. ఒక్క మాట కూడా తప్పలేదు.

కొట్టుకున్న ఆ ఇద్దరి మీద మారియన్‌కు ఒళ్లు మండిపోయింది. తువ్వాలూ వేడినీళ్లూ తీసుకుని వెనక దారిన బయటికి వచ్చింది. కిటికీ కింద ఆ ఇద్దరూ గోడకు ఆనుకుని పక్కపక్కనే కూర్చున్నారు. లోపలి పాటకు చెవి ఒగ్గి ఉన్నారు.

ఇకమీదట ఈ గడప తొక్కొద్దని వాళ్లకు చెప్పేసింది. ఆ పెద్దాయన గుండె ఆగిపోయి ఉంటే ఎవరిది పూచీ అని అడిగింది.

“కొట్టుకోక తప్పదనుకుంటే, కాస్త మెల్లగా కొట్టుకు చావలేరా?”

“పోయినేడు మెల్లగానే కొట్టుకున్నాం” అన్నాడు డిక్, వంకరపోయిన ముక్కును రెండు వేళ్లతో పట్టుకుని. “ఆయన లేవలేదు.”

తువ్వాలు అందిస్తున్న మారియన్ చెయ్యి ఆగిపోయింది. వాల్ట్ నోట్లోని నెత్తురు పక్కకు ఉమ్మి, మిగిలిన ఒక్క కంటితో కిటికీ వైపు చూసి నవ్వాడు.

“నాన్న మమ్మల్ని పేర్లు పెట్టి తిట్టాడు.”