ఎర్ర దీపాలు ఆరేదాకా

"కదలకండి, మీకు దణ్ణం పెడతాను," అంది ఆమె, వెనక సీట్లోంచి మొగుడి భుజం పట్టుకుని.

ముందు స్కూలు బస్సు ఆగి ఉంది. దాని నెత్తిమీద ఎర్ర దీపాలు వెలిగి ఆరుతున్నాయి. అవి అలా వెలుగుతున్నంతసేపూ హైవే మీద ఏ బండీ ఆ బస్సును దాటకూడదు. అది చట్టం. ఒకసారి దాటినందుకే అతని లైసెన్సు లాక్కున్నారు. టాక్సీ మూలన పడింది. ఇల్లు గడవడం గగనమైంది. కాళ్ళావేళ్ళా పడితే ఈ పొద్దున్నే తిరిగిచ్చారు. మళ్ళీ దొరికితే ఇక శాశ్వతంగా పోయినట్టే.

"ఇంతసేపైనా ఒక్క పిల్లాడూ దిగలేదే! తలుపైనా తెరవలేదు," అతను విసుక్కున్నాడు. "ఆ డ్రైవరు ఫోన్లో పెళ్ళాంతో కబుర్లాడుతున్నట్టున్నాడు."

"ఆడుకోనీండి. మన కొంప మునగదుగా."

వెనక లారీ హారన్ చెవులు చిల్లులు పడేలా మోగింది. లారీవాడు తల బయటపెట్టాడు.

"ఏంటన్నా, బస్సుకి కాపలా కాస్తున్నావా? పక్కనుంచి లాగించెయ్!"

"నువ్వే లాగించవోయ్, చూస్తాం!"

లారీ కదల్లేదు. హారన్ మాత్రం ఆగలేదు.

ఆ మోతకి ఆమె ఒళ్ళోని చంటిది ఏడుపందుకుంది. ఆమె దాన్ని పైకెత్తి బస్సు చూపించింది. మూసిన అద్దం వెనక పిల్లలు మూగి చేతులూపుతున్నారు, అద్దం చరుస్తున్నారు.

"అదిగో, అన్నయ్యలు నీకు టాటా చెబుతున్నారు. నువ్వూ చెప్పు తల్లీ."

చంటిది ఏడుపు మాని చెయ్యి ఊపింది. వాళ్ళు ఇంకా గట్టిగా చరిచారు.

"ఎంత సరదానో వెధవలకి!" ఆమె నవ్వింది.

"ఇక నావల్ల కాదు." అతను గేరు వేశాడు.

ఆమె మళ్ళీ అతని భుజం పట్టుకుంది. "ఆగండి! నేనెళ్ళి అడిగొస్తాను. ఆయన దీపాలు ఆర్పాకే కదులుదురుగాని."

చంటిదాన్ని అతని ఒళ్ళో కూలేసి దిగింది. ఒళ్ళో పిల్ల ఉంటే బండి ముందుకు దూకించడుగా.

బస్సు పక్కన నడుస్తూ, ఎలా అడగాలో కూడబలుక్కుంది. కసురుకోకూడదు, బతిమాలాలి. పైన కిటికీల వెంట పిల్లలు ఆమెతోపాటే ముందుకు పరుగెడుతున్నారు. ఏదో అరుస్తున్నారు. హారన్ గోలలో వినపడలేదు. వాళ్ళకీ ఓసారి చెయ్యి ఊపి, ముందు కిటికీ దగ్గర మునివేళ్ళ మీద లేచింది.

"అన్నా, ఆ దీపాలు కాస్త..."

డ్రైవరు స్టీరింగ్ మీద బోర్లా పడి ఉన్నాడు.